పది మీటర్ల దగ్గర ఎర్ర గీతలు

అమ్మ గొంతుకు ఆపరేషన్ తప్పదని డాక్టర్ చెప్పినప్పుడు కూతురు అడిగిన మొదటి ప్రశ్న, ఏ రోజు అని. రెండోది, అప్పటిదాకా అమ్మ మాట్లాడొచ్చా అని. డాక్టర్ కాగితాల మీంచి తల ఎత్తి చూశాడు. కూతురన్నాక ఇంకేదో అడుగుతుందని ఎదురుచూసినట్టున్నాడు.

"మాట్లాడొచ్చు. ఆపరేషన్ తరవాతే మాట ఉండదు," అన్నాడు.

ఆమె ఫోన్ తీసి, షూటింగ్ తేదీలు పెట్టుకునే చోటే ఆ తేదీ కూడా పెట్టుకుంది. శుక్రవారం. మధ్యలో నాలుగు రోజులున్నాయి. ఏడుపు రాలేదు. నాన్న పోయినప్పటి నుంచీ ఆమెకు ఏదీ రావడం లేదు. పన్ను పీకడానికి సూది ఇచ్చాక దవడ ఉన్నట్టుగా, మనసు ఉన్న చోటు తెలుస్తుంది కానీ తాకితే తెలియదు.

ఆమె బతుకుతెరువు కెమెరా. చెప్పులు, కుర్చీలు, వంటగది సామాన్లు అమ్మేవాళ్ళకు చిన్న చిన్న వీడియోలు తీసిపెడుతుంది. అమ్మ బతుకుతెరువు గొంతు. రిటైరయ్యేదాకా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని వచ్చే బండ్ల గురించి, పోయే బండ్ల గురించి చెప్పింది. ఊరు ఊరంతా ఆ గొంతు విని పరుగులు పెట్టింది కానీ, ఆ మనిషిని చూసినవాళ్ళు తక్కువ. ఆ గొంతు పోయేలోగా అమ్మను కూర్చోబెట్టి, తన కథంతా తన నోటితోనే చెప్పించి సినిమాగా తీయాలని ఆమె అనుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఒకవేళ మనసుకు మళ్ళీ ఏదైనా తెలిసే రోజు వస్తే వినడానికి ఉండాలి కదా అని మాత్రం అనిపించింది.

మొదటి ప్రయత్నం అమ్మే చెడగొట్టింది. స్క్రీన్ మీద తన ముఖం చూసుకుని కుర్చీలోంచి లేచిపోయింది.

"ఇది కెమెరానా, స్కానింగ్ మిషనా? నాకే తెలియని ముడతలు చూపిస్తోంది. ఇలాగైతే నేను కూర్చోను, పో."

"కొత్త లెన్సులు అంతేనమ్మా. ఉన్నదున్నట్టు చూపిస్తాయి."

"ఉన్నదున్నట్టు ఎవడు చూపించమన్నాడే?"

అందుకని ఆ సాయంత్రం ఆమె బాబాయి కొట్టుకు వెళ్ళింది. ఆయన ఎవరికీ బాబాయి కాదు; పాత కెమెరాలు బాగుచేసే మనిషి, ఆ వీధిలో అందరూ అలాగే పిలుస్తారు. మెట్ల కింద సందులాంటి కొట్టు. మిషను నూనె, పాత తోలు కలిసిన వాసన. ఆయన చాలాసేపు వెతికి ఒక పెట్టె తీశాడు. లోపల మఖమల్ గుడ్డలో నల్లటి లెన్స్, బరువుగా, చల్లగా ఉంది. ఫోకస్ రింగు చేత్తో తిప్పుకోవాలి. రింగు మీద మీటర్ల అంకెలు చెక్కి ఉన్నాయి. పెట్టెలోంచి తడిసి ఆరిన ఇనుము వాసన వచ్చింది.

"ఎవరిది బాబాయ్?"

"ఎవరిదైతే నీకేం? ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో పడేసి పోయారు. బూజు తుడిచాను. దీంట్లో మీ అమ్మ పదేళ్ళు చిన్నదైపోతుంది, చూసుకో."

దాన్ని కొత్త కెమెరాకు తగిలించడానికి అడాప్టర్ కూడా ఆయనే ఇచ్చాడు. అడాప్టర్ అంటే బోలు రింగు, అందులో గాజు ఉండదు. కెమెరాకూ పాత లెన్సుకూ మధ్య ఉండాల్సిన ఎడం ఇవ్వడమే దాని పని. దాని మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా లెన్స్ మీది అంకెలన్నీ అబద్ధాలు చెబుతాయి. పాత లెన్సుకూ కెమెరాకూ మధ్య తీగలేమీ ఉండవు కాబట్టి, తనకు లెన్సే తగిలించలేదని కెమెరా అనుకుంటుంది. స్క్రీన్ మూల 'లెన్స్ లేదు' అన్న మాట వెలుగుతూనే ఉంటుంది. లేకపోయినా తియ్యి అని మెనూలోకి వెళ్ళి చెప్పాలి. ఆమె చెప్పింది.

సోమవారం మధ్యాహ్నం షూటింగ్ మొదలైంది. వీధి చప్పుడు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టింది. గది చీకటైపోయింది. ఒక్క దీపం, దాని కింద అమ్మ. అమ్మ వెనక బోసిగోడ. కెమెరా నుంచి గోడకు మూడు మీటర్లు. గోడ అవతల ఏమీ లేదు. మూడో అంతస్తు, కింద వీధి.

"సౌండ్ చూసుకోవాలి. ఏదైనా మాట్లాడమ్మా."

అమ్మ గొంతు సవరించుకుని, వీపు నిటారుగా పెట్టి, మైకు ముందు కూర్చున్నట్టే అంది. "దయచేసి వినండి. బండి మరికొద్దిసేపట్లో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి రానున్నది."

"ఏ బండి?"

"ఏదో ఒకటి. నిలబడ్డవాళ్ళకు ఏదో ఒకటి రావాలిగా."

ఇలాంటి లెన్సులకు ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. రింగును దూరం చివరనుంచి మెల్లగా దగ్గరకు తిప్పుకుంటూ వస్తుంది. ఫోకస్ కుదిరిన అంచుల మీద స్క్రీన్ ఎర్ర గీతలు గీస్తుంది. అవి కుదుర్చుకోవడానికి ఆమెకు మాత్రమే కనబడే గీతలు, వీడియోలోకి ఎక్కవు. రింగు పది మీటర్ల అంకె దాటుతుండగా, మసకమసకగా ఉన్న గోడ మధ్య సన్నటి ఎర్ర గీత ఒకటి మెరిసింది. నిలువుగా వచ్చి, పైన ఏటవాలుగా వంగింది. మనిషి భుజంలా.

అడాప్టర్ మందం ఎక్కువైంది, అనుకుంది. మూడు మీటర్ల గోడను పది మీటర్లని చెబుతోంది. రింగును అలాగే తిప్పి అమ్మ కళ్ళ మీద ఆపి, రికార్డు నొక్కింది. అమ్మ సాయంత్రం దాకా మాట్లాడింది. రాత్రి పడుకోబోయే ముందు ఆమె అంతా విని చూసుకుంది. గొంతు శుభ్రంగా ఉంది.

మర్నాడు పొద్దున్నే బాబాయి కొట్టుకు వెళ్ళింది. ఆయన కెమెరాను గుమ్మం బయటికి తిప్పి దూరంగా ఉన్న నీళ్ళ ట్యాంకును చూశాడు. తరవాత టేపు పెట్టి తన అలమారాను కొలిచాడు. టేపు రెండు మీటర్లంది. లెన్స్ కూడా రెండే అంది.

"అడాప్టర్‌లో తేడా లేదమ్మా. ఏది ఎంత దూరంలో ఉందో అంతే చెబుతోంది."

"మరి పది మీటర్ల దగ్గర గీతలొచ్చాయి. గోడ మూడు మీటర్లే."

బాబాయి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గోడ అవతల ఏముంది?"

"ఏమీ లేదు. గాలి."

"ఏదో వెలుగు తగిలుంటుందిలే," అన్నాడు. కానీ లెన్సును తిరిగిచ్చేటప్పుడు చేత్తో పట్టుకోలేదు. తుడుచుకునే గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

రెండో రోజు. దుప్పట్లు, దీపం, కుర్చీ. సౌండ్ కోసం అమ్మ అంది, "దయచేసి వినండి. బండి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చుచున్నది."

రింగు తిప్పింది. పది దగ్గర ఏమీ లేదు. ఏడు దగ్గర లేదు. ఐదు దగ్గర... గీతలు. ఈసారి తల కూడా ఉంది. పక్కకు వాల్చి ఉంది, సరిగ్గా వినబడని మాటకు చెవి ఒగ్గినట్టు.

భయపడాలని ఆమెకు తెలుసు. ఆ సంగతి వేరే ఊళ్ళో ఎవరికో జరిగినట్టు తెలుసు. లెన్స్ మార్చేస్తే అమ్మ మళ్ళీ లేచిపోతుంది. ఆపేస్తే శుక్రవారం ఆగదు. ఆమె రింగును అమ్మ మీదికి తెచ్చి రికార్డు నొక్కింది.

"ఏమే, ముఖం అలా పెట్టావు? నేను బాగోలేనా?" అంది అమ్మ.

"బాగున్నావమ్మా. చెప్పు."

బుధవారం అమ్మకు ఆస్పత్రిలో పరీక్షలున్నాయి. గురువారం మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. మిగిలింది ఒక్క కథే. నాన్నతో అమ్మకు ఎలా పరిచయమైందో. ఆ కథ ఇంట్లో సగమే తెలుసు. నాన్న ఒక ప్రయాణికుడు. మైకులో అమ్మ గొంతు విని, ఆ గొంతు ఎవరిదో చూడాలని తన బండి వదిలేసుకున్నాడు. అమ్మ గది తలుపు తట్టి ఒక మాట అన్నాడు. ఆ మాట ఏమిటో ఇద్దరూ ఎన్నడూ బయటపెట్టలేదు. కెమెరా ముందు చెబుతానని అమ్మ మాటిచ్చింది.

సౌండ్ చూసుకోవడానికి ఏదైనా అనమని ఆమె అడగలేదు. అమ్మ తనంతట తానే అంది, "దయచేసి గీతకు వెనక నిలబడండి."

గదిలో వాసన. తడిసి ఆరిన ఇనుము. వాన వల్ల, అనుకుంది.

రింగు తిప్పింది. పది... ఐదు... మూడు. గోడ వచ్చింది, గోడ మీది పెచ్చులు ఎర్రగా మెరిసి మాయమయ్యాయి. ఇంకా దగ్గరకు. ఒకటిన్నర. అమ్మ. కనురెప్పలు, ముక్కు, పెదాల అంచులు ఎర్రగా కుదిరాయి. వాటి పక్కన ఇంకొన్ని అంచులు కుదిరాయి. వంగిన వీపు. మోకాళ్ళ మీద చేతులు. అమ్మ నోటికి జానెడు దూరంలో... ఒక చెవి.

కెమెరా మీంచి తల ఎత్తి చూసింది. కుర్చీ. దీపం. అమ్మ. అంతే.

"మొదలుపెట్టనా?" అంది అమ్మ.

ఆపమనాలి. ఆమె నోరు తెరిచింది. ఆపితే నాన్న ఏమన్నాడో ఇక ఎప్పటికీ తెలియదు, అనుకుంది. నోరు మూసుకుంది.

"మొదలుపెట్టు."

అమ్మ చెప్పింది. స్టేషన్ గది గురించి, దాని చిన్న కిటికీ గురించి, తలుపు చప్పుడు గురించి చెప్పింది. హెడ్‌ఫోన్స్‌లో గొంతు, దాని వెనక వాన. స్క్రీన్ మీద అమ్మ పెదాలు కదిలినప్పుడల్లా ఆ చెవి కొంచెం దగ్గరకు జరిగింది. వేలెడు ఎడం. గోరంత ఎడం.

"తలుపు తీశానా... ఎదురుగా మీ నాన్న. అప్పుడు ఆయన ఏమన్నాడంటే..."

ఆమె చెయ్యి దానంతట అదే కదిలింది. లెన్సును పట్టి తిప్పి కెమెరా నుంచి పీకేసింది.

లెన్స్ లేని కెమెరాలో ఏ అంచూ ఏర్పడదు. వట్టి తెల్లటి పొగలాంటి వెలుతురు, అంతే ఉండాలి. వెలుతురు వచ్చింది. అమ్మ పోయింది, కుర్చీ పోయింది. మూల 'లెన్స్ లేదు'.

తెలుపు మధ్య ఎర్ర చెవి అలాగే ఉంది.

హెడ్‌ఫోన్స్‌లో వాన ఒక్కటే వినబడుతోంది. ఆమె వాటిని లాగేసింది. గదిలోనూ వాన చప్పుడే. కుర్చీలో అమ్మ పెదాలు కదుపుతోంది. నవ్వుతూ, సిగ్గుపడుతూ, ఆ మాట చివరిదాకా చెప్పింది. చెప్పాక గొంతు పట్టుకుని కూతురి వైపు చూసింది.

ఇలాంటి కేసుల్లో గొంతు ముందే పోవచ్చని డాక్టర్ అన్నాడు. ఆపరేషన్ అనుకున్నట్టే శుక్రవారం జరిగింది. ఆస్పత్రి వరండాలో కూర్చుని ఆమె రికార్డింగులన్నీ మళ్ళీ విన్నది. కుర్చీ కిర్రుమనడం ఉంది. వాన ఉంది. చెప్పమ్మా అన్న తన మాట ఉంది. అమ్మ పెదాలు గంటలకొద్దీ కదిలాయి. మొదటి రోజు శుభ్రంగా విన్న గొంతు కూడా... లేదు.

అమ్మ ఇంటికొచ్చాక ఆమె పలక ఇచ్చి, నాన్న అన్న మాట రాయమంది. అమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది. రాసే మాట కాదట.

లెన్సును తీసుకెళ్తే బాబాయి పుచ్చుకోలేదు. అది ఇప్పుడు అలమారాలో, పెట్టెలో ఉంది.

మొన్న మధ్యాహ్నం అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బట్టలు మడతపెడుతోంది. గొంతుకు కట్టు, ఒళ్ళో ఎండ. మాట లేకపోతేనేం, మనిషి ఉంది కదా అనిపించి ఆమె కెమెరా తెచ్చింది. మామూలు కొత్త లెన్సే. అలవాటు కొద్దీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ముడతలన్నీ కనబడుతున్నాయి; అమ్మ ఏమీ అనలేదు.

కాసేపటికి కుడి చెవిలో, బాగా దగ్గర నుంచి, ఎవరో గొంతు సవరించుకున్నారు.

"దయచేసి వినండి," అంది అమ్మ గొంతు. "బండి ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చియున్నది."

స్క్రీన్ అంచున సౌండ్ మీటరు ఆ మాటలకు పచ్చగా లేచి, పడింది. కిటికీ దగ్గర అమ్మ చీర మడత సరిచేస్తోంది. పెదాలు మూసే ఉన్నాయి.

"అమ్మా," అని పిలిచింది ఆమె.

అమ్మ తల ఎత్తలేదు.

"అమ్మా," అంది మళ్ళీ, గట్టిగా.

మీటరు కదల్లేదు.