అమ్మ దాటేసిన పేరాలు

ఆదివారం పొద్దున్నే గోరువెచ్చని నీళ్లతో గొంతు తడుపుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, తల్లి భోజనాల బల్ల దగ్గర సిద్ధంగా కూర్చుంది. బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం ఆమెది. ఊరంతా వినే ఆ గొంతు సెలవురోజున మాత్రం కూతురి సొంతం. కూతురికి డిస్లెక్సియా. బుర్ర పాదరసమే కానీ, అచ్చులోని అక్షరాలు ఆ పిల్ల కంటి ముందు కుదురుగా నిలవవు. అందుకే ఒకటో తరగతి నుంచీ పాఠాలన్నీ తల్లే చదివి వినిపించింది.

"పిట్టా, ఎక్కడిదాకా వచ్చాం?"

"వద్దులే అమ్మా. యూనివర్సిటీ వాళ్లు ల్యాప్‌టాప్‌లో యాప్ వేసిచ్చారుగా, అదే చదువుతోంది," అంది కూతురు ఒక ఇయర్‌ఫోన్ తీసి. తెరమీద ఒక్కో మాటా పచ్చగా వెలుగుతూ ముందుకు పోతోంది.

చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న తండ్రి ఊరుకోలేదు. "ఇంకేం, నీ పోస్టు ఊడింది!"

తల్లికి నవ్వు రాలేదు. కొన్ని వారాలుగా ఇదే వరస. పిల్ల తన భుజానికి ఆనుకుని వినే ఆ పూట కోసం ఆమె వారమంతా ఎదురుచూసేది. ఇప్పుడు పిల్ల ఎదురుగానే ఉన్నా ఎక్కడో దూరాన ఉన్నట్టుంది. ఉండబట్టలేక ఆ ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకుంది.

"ఏముందే ఇందులో? ఉప్పూకారం లేని గొంతు! దీనికంటే నేను తీసిపోయానా?"

"గొంతు గురించి కాదమ్మా."

"మరి దేని గురించి? చెప్పు!"

"అది ఏదీ వదిలేయదు. నువ్వు వదిలేస్తావు. మొన్న పరీక్షలో నదులు దారెందుకు మార్చుకుంటాయని అడిగారు. ఆ సంగతే నేనెప్పుడూ వినలేదు. తీరా యాప్‌లో పెట్టి చూస్తే, మనం చదివిన పాఠంలోనే రెండు పేజీలుంది."

ఇస్త్రీ పెట్టె ఆగింది. తల్లి ముఖం పాలిపోయింది.

"నీకు తలనొప్పి వస్తుందనే... బియ్యంలో రాళ్లేరినట్టు కష్టమైనవి ఏరేశాను."

"అవి రాళ్లు కావమ్మా, గింజలే! నాకు అర్థం కాదని నువ్వే తేల్చేశావు. అందరూ అనుకున్నదే నువ్వూ అనుకున్నావు."

ఆ మాట తల్లి గుండెల్లో గుచ్చుకుంది. కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"నీకు కాదే తల్లీ, నాకే అర్థమయ్యేవి కావు. తడబడితే నీ ముందు చులకనైపోతానని దాటేసేదాన్ని. చదివిపెట్టడం తప్ప నీకు నేనేం చేయగలను చెప్పు?"

కూతురి కోపం నీరుగారిపోయింది. "పిచ్చి అమ్మా! నువ్వు చదవకపోతే నేను ఆ యూనివర్సిటీ గేటు దాటేదాన్నా?" అంటూ తల్లిని వాటేసుకుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇయర్‌ఫోన్లు పీకేసి, ఆ రెండు పేజీలూ పైకి వినిపించేలా పెట్టింది. పేరా పేరాకూ ఆపి, బల్లమీద వేలితో గీసి చూపిస్తూ, ఇసుక ఎలా మేట వేస్తుందో, నది పాత దారి ఎందుకు వదిలేస్తుందో చెప్పసాగింది. పిల్ల గొంతులో ఇంత ధీమా ఉందని తల్లికి ఇవాళే తెలిసింది. భుజానికి ఆనుకుని కూర్చున్న ఆ చిన్నపిల్ల ఇక రాదనీ తెలిసింది. కళ్లు నిండిపోయాయి.

అది చూసి కూతురు ఆగింది. "కష్టంగా ఉందా అమ్మా? ఇది దాటేద్దామా?"

"వద్దు," అంది తల్లి కళ్లు తుడుచుకుంటూ. "ఒక్క ముక్క కూడా వదలకు."