పెనుకొండలో ఆగిన పచ్చచుక్క

"లేపాక్షికి ఆటో ఎప్పుడు పోతుంది?"

"బసవన్న లేచినప్పుడు."

కోడ్ సరిపోయింది. హిందూపురం బస్టాండు ముందు ఖాకీ చొక్కాలో నిలబడిన ఆ ఆటోడ్రైవర్ ఏజెంట్ భరత్. నల్లకళ్లద్దాలు, ధర్మవరం పట్టుచీర, భుజాన నోరు తెరిచిన హ్యాండ్‌బ్యాగ్‌తో వచ్చినామె అతని పై అధికారి పవిత్ర.

"కిషోర్ కదిలాడు," అంది. "చుక్క ధర్మవరంలో లేదు. పెనుకొండలో ఉంది."

కిషోర్ రాడార్ ఇంజినీర్. ఫ్యాక్టరీ డ్రాయింగులు విదేశీ ముఠాకు ఎలా చేరుతున్నాయో రేపు కోర్టులో చెప్పాల్సిన సాక్షి. అంతదాకా ధర్మవరంలో నరసప్ప అనే నేతగాడి ఇంట్లో దాచారు. ఫోన్లో మాట్లాడితే ముఠా వింటుంది. అందుకే భరత్ ఒక చీరల వెబ్‌సైట్ తయారుచేయించాడు. కిషోర్ లాగిన్ అయి ఉంటే పేరు పక్కన పచ్చచుక్క. అంటే బతికే ఉన్నాడు. ఎవరు లాగిన్‌లో ఉన్నారో, ఎక్కడున్నారో చూపే అడ్మిన్ పేజీ ఇద్దరికే కనబడుతుంది. భరత్‌కి, పవిత్రకి.

నరసప్పకు మాత్రం మగ్గం నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడని చెప్పారు. దేశభద్రత పెద్దమాట. దాన్ని మోయడానికి ఎప్పుడూ పేదవాడి వసారాయే దొరుకుతుంది. అడగకుండానే నెత్తిన పెడతారు.

"పారిపోతున్నాడా మేడమ్?"

"లేదా అమ్ముడుపోయాడు. పద, నేనూ వస్తాను."

పెనుకొండ స్టేషన్ బయట కారులో పవిత్ర ఆగింది. భరత్ వాచీలో చుక్కను చూసుకుంటూ ప్లాట్‌ఫారం మీదికి నడిచాడు. చుక్క ఒక బెంచీ దగ్గర ఆగింది. అక్కడ కిషోర్ లేడు. చీరల మూటకు ఆనుకుని ఫోన్లో సీరియల్ చూస్తూ నరసప్ప భార్య ఉలిగమ్మ కూర్చుని ఉంది.

"ఏమప్పా, ఆ పిల్లోణ్ని మా ఇంట్లో వదిలిపెట్టి పోయినోడివి కదా. ఇప్పుడు ఆటో తోల్తాండావా?"

"ఆ పిల్లోడి ఫోన్ నీ దగ్గరెందుకుందక్కా?"

"మా ఫోన్లో నెట్ అయిపోయింది. ఈ చీరలు నేయించిన షావుకారు బండి పంపేదాకా పొద్దుపోవద్దా? అడిగితే ఇచ్చినాడు పాపం."

"వాడు యాడుండాడు?"

"ఇంట్లోనే. మగ్గానికి పట్టుదారం కండెలు చుడతాండాడు. వాడి చుట్టుడు చూస్తే ఏడుపొస్తాది."

నేతగాళ్ల వీధిలో ఫోన్ ఒక మనిషిది కాదు, దొరికిన చేతిది. లాగవుట్ అన్న మాటే అక్కడ పుట్టలేదు. ఏసీ గదిలో కూర్చుని ప్లాన్ గీసిన భరత్‌కు ఆ సంగతి తట్టలేదు.

ప్లాట్‌ఫారం చివర్నుంచి గళ్లచొక్కావాడొకడు వస్తున్నాడు. ముఖాలు చూడటం లేదు. చేతిలో ఫోన్ చూస్తూ నేరుగా బెంచీ వైపే. తెర మీద పచ్చచుక్క.

ఆ పేజీ చూసేది ఇద్దరే. భరత్ ఎవరికీ ఇవ్వలేదు.

"ఎవరప్పా వాడు?"

"కిషోర్‌ని చంపేదానికి వస్తాండాడు. ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటే వాళ్లే కిషోర్ అనుకుంటాడు."

ఉలిగమ్మ ఫోన్ అతని చేతిలో పెట్టింది. "పిల్లోళ్లు తిరిగే ఇల్లు మాది. ఒక మాట చెప్పాల్నని తోచలేదా నీకు?"

తోచింది. చెబితే ఒప్పుకోరని చెప్పలేదు.

అప్పుడే పవిత్ర లోపలికొచ్చింది. "ఏడి కిషోర్?"

"వెయిటింగ్ రూములో మేడమ్."

ఆమె అటు తిరిగింది. నోరు తెరిచిన ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోకి భరత్ ఆ ఫోన్ జార్చాడు. గళ్లచొక్కా బెంచీ దాటి ఆమె వెనక ఆగాడు. మడిచిన పేపర్లోంచి సైలెన్సర్ గొట్టం పైకి లేచింది. పవిత్ర వెనక్కి చూసి తెల్లబోయింది.

"నేనురా... మీ మనిషిని."

చాలు. భరత్ చీరల మూట ఎత్తి గొట్టం మీదికి విసిరాడు. ఠప్‌మని చిన్న చప్పుడు. మరుక్షణం గళ్లచొక్కా నేల మీద, పవిత్ర చేతులకు బేడీలు.

"వేషం మారుస్తాడు, ముఖం చూడొద్దు, చుక్క చూడమన్నది నువ్వే కదా మేడమ్," అని వాడు గొణిగాడు.

భరత్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "సాక్షి సేఫ్. ముఠా దొరికింది. నష్టమేమీ..."

ఉలిగమ్మ చీర మడతలు విప్పుతోంది. ప్రతి మడతలోనూ అదే తూటా బొక్క.

"నష్టం ఉంది సార్," అని దిద్దుకున్నాడు.

"షావుకారుకు ఇది ఎవరు చెప్తారప్పా?" అంది ఉలిగమ్మ. "మీ దేశం వస్తాదా?"

భరత్ అడ్మిన్ పేజీ తెరిచాడు. మిగిలిన పచ్చచుక్కల్లో ఒకటి తనదే. లాగవుట్ నొక్కాడు.

నిజంగా వెళ్లిపోతారా, అని సైట్ మర్యాదగా అడిగింది.

'లేదు' నొక్కి, షావుకారుకు తనే చెప్పడానికి మూట నెత్తికెత్తుకున్నాడు.