కంప్యూటర్ నమ్మని దీవి

సముద్రంలో తేలుతూ గాలి, ప్రెషర్ కొలిచే వాతావరణ బోయ్‌లకు మరమ్మతులు చేసే టెక్నీషియన్‌ని లిఫ్ట్‌లో కాల్చి చంపారు. చనిపోయే ముందు అతను ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి చెప్పింది రెండే ముక్కలు. "బోయ్‌లు అబద్ధం చెబుతున్నాయి. దీవిని అడగండి."

కేసు దడకి అప్పగించారు. అతని అసలు పేరు సర్వీస్ ఫైల్లో ఉంది గానీ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. పిల్లి దూకినా గుండె పట్టుకుంటాడని అందరూ కలిసి పెట్టిన పేరిది. భయపడేవాడే తలుపు గడియ రెండోసారి చూసుకుంటాడు, వాడే ప్రాణాలతో తిరిగొస్తాడన్నది బాస్ నమ్మకం.

"ప్రపంచంలో ప్రతి దేశమూ ఒకే వేళకి గాలి, ప్రెషర్ కొలిచి మిగతా దేశాలకి పంపుతుంది," అన్నాడు బాస్. "సరిహద్దు అవతలి దీవి రిపోర్టు కూడా మన డేటా సెంటర్‌కి వస్తుంది."

"వాళ్లతో మనకి మాటల్లేవు కదా సార్?"

"మాటల్లేవు. డేటా ఉంది. నిన్నటిదాకా తుఫాను మన రేవు మీదికే వస్తోంది. పొద్దున ఉన్నట్టుండి పక్కకి తిరిగిందన్నారు. హెచ్చరిక ఎత్తేశారు. నౌకాదళం ఓడలన్నీ రేవులోనే ఉండిపోయాయి. వాటిని ముంచాలని ఏదో విదేశీ ముఠా ప్లాన్, ఆ టెక్నీషియన్‌ని చంపిందీ వాళ్లే. సాయంత్రం బులెటిన్ లోపు నిజం తేలాలి. తర్వాత తేలినా జనాన్ని తరలించే టైముండదు."

దడ కాఫీ వదిలేసి లేచాడు. రేవు పక్కన పల్లపు కాలనీలో వాళ్ల అక్క ఉంటుంది. బయటికి రాగానే ఫోన్ చేశాడు.

"ఇంటికొచ్చేశాం రా," అంది అక్క. "ఆ స్కూల్లో నేల మీద పడుకుని నడుం పట్టేసింది. టీవీలో ఆ అమ్మాయి తుఫాను పోయిందని చెప్పిందిగా."

"అక్కా, నా మాట విను. పిల్లల్ని తీసుకుని మళ్లీ స్కూలుకి వెళ్లిపో."

"నీకు చీకటంటే భయం, బొద్దింకంటే భయం. నువ్వు భయపడ్డప్పుడల్లా మూటలు మోయలేను నాన్నా." ఫోన్ పెట్టేసింది.

పుట్టి బుద్ధెరిగాక దడ ఇంతగా ఎప్పుడూ భయపడలేదు.

ఏసీ మెకానిక్ వేషంలో డేటా సెంటర్‌లోకి వెళ్లాడు. చేతిలో గ్యాస్ ప్రెషర్ చూసే గేజ్. నిజానికి అది సిగ్నల్ ఎటునుంచి వస్తోందో చూపించే మీటర్. కారిడార్‌లో ఘుమఘుమలాడే సెంటు వాసన. టీవీలో వాతావరణం చదివే అమ్మాయి ఎదురొచ్చింది. స్టూడియో ఆ బిల్డింగ్‌లోనే ఉంది. అందరూ ఆమెని మెరుపు అంటారు. డిపార్ట్‌మెంట్‌కి ఆమె రహస్య ఏజెంట్.

"మీ దగ్గర గొడుగుందా?" అంది.

"ఉంది. చిల్లు పడింది," అన్నాడు దడ. కోడ్ సరిపోయింది.

"డేటా హాల్ ఆ చివర. నేను కాపలా ఉంటాను, వెళ్లండి."

దడ గేజ్ ఆన్ చేశాడు. బోయ్‌ల సిగ్నల్ కాబట్టి ముల్లు సముద్రం వైపు తిరగాలి. అది గిర్రున తిరిగి మెరుపు మేకప్ రూమ్ వైపు ఆగింది.

దొంగ సిగ్నల్ వస్తోంది అక్కడినుంచే. వెనక్కి చూడకుండా హాల్‌లోకి నడిచాడు. కాళ్లు మాత్రం పరిగెత్తమంటున్నాయి.

"దీవి రిపోర్టు ఏదండీ?" డిపార్ట్‌మెంట్ ఐడీ కార్డు చూపిస్తూ డ్యూటీ ఆఫీసర్ని అడిగాడు.

"కంప్యూటర్ కొట్టేసింది. చుట్టూ మూడు బోయ్‌లు ప్రెషర్ మామూలుగా ఉందంటుంటే ఆ దీవి ఒక్కటీ తుఫాను నెత్తిమీదున్నంత ఘోరంగా పడిపోయిందంటోంది. ఒక్కళ్ల లెక్క మిగతావాటితో పొసగకపోతే అది తప్పుల బుట్టలోకి పోతుంది."

దడకి అర్థమైంది. ముఠా దీవి రిపోర్టుని ముట్టుకోలేదు. చుట్టూ దొంగ సాక్షుల్ని నిలబెట్టింది, అంతే.

"అనుమానమొస్తే ఏం చేస్తారు?"

"స్టేషన్‌కి ఫోన్ చేసి అడగాలి. పద్ధతి అదే. కానీ అది శత్రుదేశం. ఫోన్ ఎత్తితే నన్ను జైల్లో వేస్తారు."

దడ ఫోన్ ఎత్తాడు. గోడ మీది స్టేషన్ల పట్టీ చూసి నంబర్ రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కాడు. స్పీకర్‌లోంచి గాలి హోరు, దాని వెనక ఓ ముసలి గొంతు.

"దీవి స్టేషన్. ఎవరు?"

"సరిహద్దు ఇవతల నుంచండీ. మీ రీడింగ్ నిజమేనా?"

"పైకప్పు లేచిపోయింది బాబూ. బల్ల కింద కూర్చుని చదివాను. ఎన్నిసార్లు పంపినా మీవాళ్లు పలకరేం? మీ రేవు ఖాళీ చేశారా?"

లైన్ తెగిపోయింది.

"రిసీవర్ పెట్టెయ్." గుమ్మంలో మెరుపు. మేకప్ కిట్‌లోంచి తీసిన పిస్టల్ సూటిగా దడ గుండెకేసి ఉంది. డ్యూటీ ఆఫీసర్ కుర్చీలో బిగుసుకుపోయాడు.

"ఓడలే మునుగుతాయన్నారు నాకు," అంది ఆమె. "జనం సంగతి ఎవరూ చెప్పలేదు."

"జనానికి మీరు చెప్పారుగా, ఇళ్లకి వెళ్లమని."

ఆమె పిస్టల్ దించలేదు. గాజు గోడ అవతల స్టూడియోలో లైట్లు వెలిగాయి.

"మేడమ్, నాకు చచ్చేంత భయంగా ఉంది," అన్నాడు దడ. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కాల్చాలంటే కాల్చండి. ముందు ఆ బులెటిన్ చదివి రండి. మా అక్క నా మాట వినదు. మీ మాట వింటుంది."

స్టూడియోలోంచి ఎవరో ఆమెని కేకేశారు. మెరుపు పిస్టల్‌ని గుమ్మం పక్క బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. దాన్ని తీసుకోవాలని కూడా దడకి తోచలేదు. మానిటర్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

తెర మీద మెరుపు ముందు పాత కాగితమే ఉంది. దాన్ని పట్టుకుని గొంతు సవరించుకుంది. ఆమె కాగితం పక్కకి తోసి కెమెరాలోకి చూసింది.

"పొద్దున నేను చెప్పింది అబద్ధం. తుఫాను రేవు మీదికే వస్తోంది. పల్లపు కాలనీలో ఉన్నవాళ్లు వండిన అన్నం వదిలేసైనా సరే, ఇప్పుడే బయలుదేరండి."

డ్యూటీ ఆఫీసర్ హెచ్చరిక మీట నొక్కాడు.

తెల్లారేసరికి కాలనీలో నీళ్లు కిటికీల పైకి వచ్చాయి. ఇళ్లలో మనుషులు లేరు. ఓడలు దూరంగా నడిసముద్రంలో క్షేమంగా ఉన్నాయి. దీవి నుంచి రావలసిన రిపోర్టు కాస్త ఆలస్యంగానైనా వచ్చింది. ఈసారి కంప్యూటర్ నోరు మూసుకుని తీసుకుంది.

ఇంటరాగేషన్ రూమ్‌లో ఉండగా దడ ఫోన్ మోగింది.

"అందరం స్కూల్లోనే ఉన్నాం రా, బావ కూడా," అంది అక్క. "కానీ ఆ టీవీ పిల్లకి బుద్ధుందా? పొద్దున ఓ మాట, సాయంత్రం ఓ మాట. మూటలు మళ్లీ మోయించింది. ఎవరైనా పిలిచి గట్టిగా నాలుగు చివాట్లు పెట్టాలి."

దడ బల్లకి అవతల బేడీలతో కూర్చున్న మెరుపు వైపు చూశాడు.

"ఆ పని మీదే ఉన్నానక్కా," అన్నాడు.