వాత్తియారయ్య నాలుక

సింగానల్లూరులో మా వీధి మిల్లు సంగు కూత విని నిద్ర లేస్తుంది, మిల్లు సంగు విని అన్నానికి కూర్చుంటుంది. నేను మాత్రం కొట్టం వాసనకు లేచేదాన్ని.

ఆ కొట్టం వీధి చివర కల్యాణసుందరం అయ్య ఇంటి వెనక ఉండేది. అయ్య కోయంబత్తూరు కాలేజీలో జువాలజీ చెప్పేవారు. అందుకే ఊరందరికీ వాత్తియారయ్య. ఒకప్పుడు ఎద్దుల్ని కట్టిన చోట గాజు తొట్లు వరసగా పెట్టుకున్నారు. కాలేజీలోనే పెట్టుకుంటానంటే ప్రిన్సిపాల్ ముక్కు మూసుకుని వద్దన్నాడట. తొట్లు కడగడం, నీళ్ళు మార్చడం, నత్తల్ని తరిగి చేపలకు వెయ్యడం నా పని. నత్తను తరిగితే చేతికి అంటిన జిగురు సబ్బుకు పోదు, చింతపండుకూ పోదు. అన్నం కలిపితే అన్నంలోకి వస్తుంది. ఎన్నోసార్లు ముద్ద నోటి దాకా తెచ్చి కుక్కకు పారేశాను.

అయినా మిల్లులో దారం చుట్టే రీలింగు సెక్షన్ కంటే అది నయం. మా అమ్మ ఆ దూది నుసి పీల్చి పీల్చి, చివరికి దారప్పోగుల్లాంటి కఫం కక్కి పోయింది. ఆమె చోటులోనే నన్ను నిలబెట్టారు. అయ్య ఇంట్లో వంట చేసే మా చిన్నమ్మ పళనియమ్మాళ్ కాళ్ళు పట్టుకుని నేను ఇటు తప్పించుకున్నాను. బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు అయ్య పారేసిన కాగితాల్లో నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఆయన పెట్టెలోని పాత పంచాంగంలో. మా వీధిలో తెలుగు అందరి నోట్లోనూ ఉంది, ఎవరి చేతికీ రాదు.

అయ్య బతుకంతా తెగినవి మొలవడం మీదే నడిచింది. మదరాసులో చదివేటప్పుడు బల్లి తోక. మదురైలో పని చేసేటప్పుడు నత్త కన్ను. నత్తకు కన్ను కొమ్ము చివర ఉంటుంది. కత్తిరిస్తే కొత్త కొమ్ము వస్తుంది, దాని చివర కొత్త కన్ను తెరుచుకుంటుంది. ఆ పేపరు జర్మనీలో అచ్చయింది. ఇక్కడికి వచ్చాక కెళుత్తి చేప. మా చెరువు బురదలో దొరికే, పొలుసు లేని, చీమిడిలా జారే మీసాల చేప. మీసాలతో రుచి చూస్తుంది. మీసం కోస్తే మళ్ళీ మొలుస్తుంది, రుచితో సహా.

"మీసమొకటే కాదు అమ్మిణీ. దాని ఒళ్ళంతా నాలుకే," అన్నారు ఒకరోజు. "బురదలో పడుకుంటే బురదంతా దానికి రుచి తెలుస్తుంది."

"ఛీ. పావం!" అన్నాను.

"నాకైతే అసూయగా ఉండాది."

ఎందుకంటే ఆయనకు రుచీ లేదు, వాసనా లేదు. ఏళ్ళ తరబడి ఫార్మలిన్ సీసాల మీద వంగి వంగి అవి చచ్చిపోయాయి. ఒకసారి చిన్నమ్మ పరధ్యానంలో చారులో ఉప్పుకు బదులు చక్కెర వేసింది. గ్లాసెత్తి గటగటా తాగేశారు. ఆ రోజు చిన్నమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది.

మదరాసు నుంచి కమిటీ రాబోతోందని కబురు వచ్చింది. వాళ్ళు చూసి ఒప్పుకుంటే కాలేజీలో అయ్యకు పరిశోధన డిపార్టుమెంటు వస్తుంది, నాకు అందులో ల్యాబు పని. ఒప్పుకోకపోతే కొట్టం మూసెయ్యాలి. నేను మళ్ళీ రీలింగుకు. ఆ మాట తలుచుకుంటేనే నా గొంతులో నుసి అడ్డం పడేది.

అప్పుడే అయ్య ఆ పాడు పని మొదలుపెట్టారు. కోసిన మీసాల చోట కొత్తగా మొలిచే తెల్లటి మొనల్ని గిల్లి, కల్వంలో నూరి, కోడి ఈకతో తన నాలుకకు పూసుకునేవారు. పక్కన నిలబడి గిన్నె పట్టుకోవలసింది నేను. నాలుక మీద అది సాగేది. ఆయన కళ్ళు మూసుకుని మింగేవారు.

ఇది చాలదన్నట్టు చిన్నమ్మ తన వైద్యం తాను చేసింది.

మా వాళ్ళలో ఒక మొక్కు ఉంది. ఒంట్లో ఏది బాగుపడాలో దాని ఆకారం వెండి రేకులో కొంటారు. కన్నయితే కన్ను, కాలైతే కాలు. జబ్బుమనిషికి ఆ భాగం చుట్టూ మూడుసార్లు తిప్పి మారియమ్మ హుండీలో వేస్తారు. ఎవరి చుట్టూ తిప్పితే మొక్కు వాళ్ళది. అయ్య భార్య కమలమ్మకు నాలుక మీద పుండు లేచినప్పుడు ఇలాగే వెండి నాలుక కొని ఆమె నోటి చుట్టూ తిప్పారట. పొద్దస్తమానం పొగాకు, వక్కాకు నమిలే మనిషి. మదరాసు ఆసుపత్రిలో నాలుక కోశారు. మాట లేకుండానే పోయింది. ఆ హడావుడిలో వెండి నాలుక కోవిలకు పోనేలేదు. సామి గదిలో కుంకుమ బరిణె కింద అట్లే ఉండిపోయింది.

చిన్నమ్మ దాన్నే తీసుకుపోయి హుండీలో వేసి వచ్చింది.

"అయ్య నోటి చుట్టూ తిప్పినావా?" అనడిగాను.

"ఆయన ముందర తిప్పితే నవ్వడా? అమ్మ చుట్టూ అప్పుడే తిప్పి ఉండాది గదా. ఆలూ మగడూ ఒకటే గదే."

"మొక్కు ఎవరిదవుతుంది చిన్నమ్మా?"

"పెద్ద వకీలు వచ్చింది! పో, పోయి నత్తలు తరుగు పో."

తర్వాత కొన్నాళ్ళకే ఒక పొద్దున అయ్య వంటింటి గడపలో నిలబడి అరిచారు. "పళనీ! ఉప్పు! ఉప్పు తెలుస్తుండాది!" చేతిలో ఊరగాయ జాడీ. వేళ్ళన్నీ నూనె. కళ్ళ నీళ్ళు. చిన్నమ్మ చేతులు జోడించింది. నాకూ సంతోషమే వేసింది, అబద్ధం ఎందుకు?

ఆ సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆయనకు రుచి నోటితో ఆగలేదు. నేను గిన్నె అందిస్తే నా మణికట్టు పట్టుకుని, కళ్ళు మూసి, "పొద్దున ఎండు చేప తిన్నావు," అన్నారు. నా మణికట్టు తడి అయింది. లంగాకు తుడుచుకుంటే ఆ తడి తీగలా సాగింది... మధ్యాహ్నాలు కమలమ్మ కూర్చునే ఊయల గొలుసును అరచేత్తో నిమురుతూ కూర్చునేవారు. కమలమ్మ తల ఆనించిన గోడ మీద నూనె మరక ఉండేది. ఒకరోజు చూస్తే దానికి చెంప ఆనించి ఉన్నారు.

"ఈడ ఉండాది అమ్మిణీ," అన్నారు గుసగుసగా. "తియ్యగా... పొగాకు, కుళ్ళిన పుండు... అంతా ఉండాది."

నేను పెరట్లోకి పోయి వాంతి చేసుకున్నాను.

కమిటీ వచ్చిన రోజు పొద్దుటి నుంచి వాన. మిట్టమధ్యాహ్నమే చీకటి కమ్మింది. కరెంటు పోయింది. కొట్టంలో లాంతర్లు పెట్టాను. కమిటీకి పెద్ద తిరువేంగడం గారు. మన భాష మనిషే. వాడిపట్టి నుంచి పోయి మదరాసులో స్థిరపడ్డారు. లావుపాటి మనిషి, అన్నిటికీ నవ్వుతారు. తొట్ల ముందు వంగి కొత్త మీసాలు చూసి, "బలే, బలే! నా బట్టతలకు ఏమైనా మందుందా సార్?" అన్నారు. కూడా వచ్చిన వాళ్ళు నవ్వారు. భోజనం కానిచ్చి ప్రశ్నలు అడుగుతామని, అక్కడే కూర్చుని రిపోర్టు రాసి పంపిస్తామని చెప్పారు.

అయ్య మాత్రం పొద్దుటి నుంచి పెదవి విప్పలేదు. అన్నిటికీ తలూపుతున్నారు.

ఆకులు వేశాం. చిన్నమ్మ చారు పోసింది. అయ్య ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నారు. దవడ కదిలింది... ఆగింది. పెదవులు మూసే ఉన్నాయి. ఆ మూసిన నోటి లోపలి నుంచి...

"పళనీ... ఇంగువ మరిచినావే."

ఆడ గొంతు. తడిసిన గొంతు. నోట్లో ఆకు, వక్క కుక్కుకుని మాట్లాడినట్టు.

చిన్నమ్మ చేతిలో గరిటె జారింది. తిరువేంగడం గారు ఆకు మీద నుంచి తలెత్తి, వంటింటి వైపు చూసి నవ్వారు. "లోపల పెద్దామె ఉండారా? చెప్పనే లేదే! రమ్మనండి, నమస్కారం చేసుకుంటా."

అయ్య లేచారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టం వైపు నడిచారు. పోతూ నన్ను చూశారు. నేను వెనకే పోయాను.

లాంతరు ముందు నిలబడి నోరు తెరిచారు. ఆ వాసన... పొగాకు, చీము, చెరువు అడుగు బురద. నాలుక నడుమ, బాగా వెనక, ఇంకొకటి. నా బొటనవేలి గోరంత. పలచగా, మొన తేలి ఉంది. వక్కాకు పట్టి ఎర్రగా గారకట్టి ఉంది. అయ్య జన్మలో ఆకు నమలలేదు.

అది కదిలింది. అయ్య నాలుక కదలకుండానే ఉంది. అది ఒక్కటే కదిలింది.

తొట్టి పక్కన కత్తెర చూపించారు. మాట్లాడితే ఎవరి గొంతు వస్తుందోనని భయం. చేపల్ని పట్టే చిమటాతో తన నాలుకను తానే ముందుకు లాగి పట్టుకున్నారు. కళ్ళతో బతిమాలారు.

వసారాలో కుర్చీలు జరిపిన చప్పుడు. భోజనాలు అయిపోయాయి. ఇక ప్రశ్నలే. అయ్య నోరు విప్పి జవాబు చెప్పలేకపోతే...

కత్తెర లోపలికి పెట్టాను. ఇనుము తగిలిందో లేదో అది ముడుచుకుంది.

"వద్దే... మళ్ళీనా?"

చాలా మెల్లగా అంది. ఏడుస్తున్నట్టు. అయ్య కళ్ళలోంచి నీళ్ళు కారాయి. కానీ చిమటా వదల్లేదు. నా చెవుల్లో రీలింగు మిషన్ల హోరు. దారప్పోగుల కఫం.

కత్తిరించాను.

మెత్తగా తెగింది... మీసం తెగినట్టే. నా అరచేతిలో పడింది. వెచ్చగా ఉంది. పడి, ఒకసారి పొర్లింది. చిప్ప తీసిన నత్తలా.

"ఏమి సార్, చేతులు కడుక్కుంటుండారా?" తిరువేంగడం గారి గొంతు, తలుపు అవతలే.

అరవకుండా ఉండాలని గుప్పిట బిగించాను. గోళ్ళు దిగేదాకా బిగించాను. ఆయన అడుగులు దూరం పోయాక తెరిచాను.

చేతిలో ఏమీ లేదు.

నేల మీద లేదు. తొట్టిలో లేదు. లంగా దులిపి చూశాను, లేదు. లాంతరు దించి మూలమూలా వెతికాను. అరచేతికి గాయం కూడా లేదు. తడి మాత్రం ఉంది.

అయ్య పుక్కిలించి ఉమ్మి, ముఖం తుడుచుకుని వసారాలోకి పోయారు. మంచినీళ్ళు తాగినట్టు ఇంగ్లీషులో జవాబులు చెప్పారు. బయట వాన, లోపల చప్పట్లు.

వాళ్ళ కారు కదిలాక చిన్నమ్మ ఆయన ముందు కాఫీ పెట్టింది. తాగి గ్లాసు దించారు. ఊయల గొలుసు పట్టుకుని, గోడకు చెంప ఆనించారు. వదిలేశారు.

"ఏమీ తెలియలేదు," అన్నారు. "గోడ మీదా ఏమీ తెలియలేదు. రెండోసారి కోయించినాను అమ్మిణీ ఆమెను."

నా కుడి చెయ్యి ఓణీ కొంగులో చుట్టుకుని ఉన్నాను. ఎందుకంటే కాఫీ గ్లాసు తీసినప్పుడు ఇత్తడి చేదు నాకు తెలిసింది. నోట్లో కాదు. చేతిలో.

ఆ తర్వాత నేను పడిన అసహ్యం ఎవరికి చెప్పను? బియ్యం కడిగితే పురుగు రుచి. చీపురు పడితే వీధంతా. చెంబు పట్టుకుని పెరటికి పోవాలన్నా భయమే. ఎడమ చేత్తోనే అన్నం తింటున్నానని చిన్నమ్మ తిట్టింది. చెబితే పైత్యం అంటారు, పని పోతుంది. సున్నం రాసుకున్నాను. ఫార్మలిన్‌లో ముంచాను. ముంచినప్పుడు అరచెయ్యి వాంతి వచ్చినట్టు ముడుచుకుంది.

కానీ ఆర్డరు వచ్చింది. జోతిమణి, ల్యాబు అటెండరు. అమ్మిణి అని కాదు, నా పేరే టైపు కొట్టి ఉంది. రీలింగు వాళ్ళు మిల్లు గేటు దగ్గర నిలబడి, "ఓహో, ఆఫీసరమ్మ!" అని ఎగతాళి చేశారు. వాళ్ళ నోళ్ళ నుంచి కూడా ఆ మాట తియ్యగానే ఉంది.

డిపార్టుమెంటు తెరిచిన రోజు తిరువేంగడం గారే వచ్చారు. ఎండ కాస్తోంది. కిటికీలన్నీ తీసి ఉన్నాయి. తొట్ల నిండా కొత్త నీళ్ళు. ఆయన మైసూరు పాకు డబ్బా పట్టుకుని అందరికీ పంచుతూ నా దగ్గరకు వచ్చారు. ఎడమ చెయ్యి చాపితే, "మంచి రోజున ఎడమ చెయ్యేంది అమ్మా!" అన్నారు. కుడి చెయ్యి చాపక తప్పలేదు.

ముక్క అరచేతిలో పెట్టారు. వేళ్ళు మూసుకున్నాను.

"ఆర్డరు అందిందా?"

"అందింది అయ్యా."

"మీ అయ్య గట్టివాడు. వదలొద్దు ఆయన్ను."

తల ఊపాను. వేళ్ళు తెరిచాను. ముక్క లేదు. నెయ్యి మరక కూడా లేదు. నా చెయ్యి నోటి దాకా లేవనే లేదు.

ఆయన పెద్దగా నవ్వారు. డబ్బాలోంచి ఇంకో ముక్క తీసి అదే చేతిలో పెట్టారు.

"తీసుకో తీసుకో. అడిగితే పెట్టనా? దానికి అంత గుసగుసగా అడగడం ఎందుకమ్మా?"

నేను నోరు తెరవనే లేదు.