కన్నమ్మ వాలిన కుర్చీ

చెరకు పండే దూరపు దీవిలో, లౌటోకా ఊరవతల లోవు అనే చోట, లచ్మన్‌కి ఒక రేకుల షెడ్డు ఉండేది. ముందు భాగంలో పని, వెనక రెండు గదుల్లో కాపురం. చిరిగిన సోఫాలు, కుంటి మంచాలు, ఊగిపోయే బల్లలు, ఏది తెచ్చినా బాగుచేసి పంపేవాడు. పిల్లల్లేరు. అతనూ, భార్య కామినీ.

కామినికి గుండె జబ్బు. పడుకుంటే ఊపిరాడదు. ఆస్పత్రి వాళ్ళు ఇక చేసేదేమీ లేదనీ, ఇంట్లోనే సుఖంగా చూసుకొమ్మనీ చెప్పి పంపేశారు. నాలుగు నెలలుగా ఆమె గోడకి దిండ్లు ఆనించుకుని, కూర్చునే కునుకు తీస్తోంది. తల పక్కకి వాలగానే ఉలిక్కిపడి లేచేది.

అది 1988. అంతకు ముందు ఏడాది సైన్యం రెండుసార్లు ప్రభుత్వాన్ని పడగొట్టింది. ఆ తర్వాత చెరకు తోటల కూలికి ఓడల్లో వచ్చిన తాతల సంతానం, మనవాళ్ళు, ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుని దేశం దాటుతున్నారు. యోగేంద్ర అనే గుమాస్తా కూడా ఆక్లండ్ వెళ్ళిపోతూ, చెక్కపెట్టెలు చేయడానికి లచ్మన్‌ని పిలిచాడు. ఆ ఇంట్లో కనిపించింది కుర్చీ. పాతకాలపు దొరల కుర్చీ. వంచిన చెక్క, నల్లతోలు, అయిదు కాళ్ళ అల్యూమినియం దిమ్మ. కూర్చుని వీపు ఆనిస్తే మెల్లగా వెనక్కి వాలి, లేస్తే మళ్ళీ నిటారుగా నిలబడే రకం. కానీ అది ఖాళీగా ఉండి కూడా పూర్తిగా వెనక్కి వాలిపోయి ఉంది.

"మా అమ్మ కన్నమ్మది," అన్నాడు యోగేంద్ర. "తొమ్మిదేళ్ళు అందులోనే కూర్చుంది. పోయింది కూడా అందులోనే. ఆ తర్వాత అది లేవలేదు. కావాలంటే పట్టుకుపో భాయ్."

లచ్మన్‌కి కామిని కళ్ళలో మెదిలింది. వాలు కుర్చీలో ఆమె హాయిగా నిద్రపోవచ్చు. ఆ సాయంత్రమే వ్యానులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

మర్నాడు తిరగేసి చూశాడు. సీటు కింద ఇనప డబ్బా. అందులో బొటనవేలంత లావు తీగతో చుట్టిన స్ప్రింగు. కూర్చునేవాళ్ళ బరువుని బట్టి దాన్ని బిగించడానికో, వదులు చేయడానికో ముందువైపు ఒక మర. తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాడు. తుప్పు లేదు. గ్రీజు నిన్ననో మొన్ననో రాసినట్టు మెత్తగా ఉంది. స్ప్రింగు విరగలేదు. అయినా చుట్టకి చుట్ట ఆనుకునేలా అణిగిపోయి ఉంది. దాన్ని అణిచిపెడుతున్నది మాత్రం ఏదీ లేదు.

కిరసనాయిలు పోశాడు. గునపం మొన దూర్చి, బలమంతా పెట్టి ఎత్తాడు. టక్కున వదిలింది. సీటు నిటారుగా లేచింది. తోలులోంచి గాలి పోయినట్టు ఒక నిట్టూర్పు. షెడ్డంతా తమలపాకు వాసన.

అరిగిన రబ్బరు ముక్కలు తీసేసి, లారీ టైరు కోసి కొత్తవి వేశాడు. మరని కామిని బరువుకి సరిపెట్టాడు. ఆమెని కూర్చోబెట్టి వీపు మీద చెయ్యేసి నెమ్మదిగా వాల్చాడు. నాలుగు నెలల తర్వాత ఆ రాత్రి కామిని తెల్లారేదాకా నిద్రపోయింది. లచ్మన్ పక్కనే నేల మీద కూర్చుని, ఆమె ఊపిరి వింటూ ఏడ్చాడు.

అయిదో రోజుకి కుర్చీ కొంచెం ఎక్కువ వాలుతోందనిపించింది. స్ప్రింగు మెత్తబడిందేమోనని మర పావు చుట్టు బిగించాడు. మర్నాడు మళ్ళీ వాలింది. మళ్ళీ బిగించాడు. రోజూ ఇదే పని. కామిని మాత్రం రోజురోజుకీ చిక్కిపోతోంది. మణికట్టు మీద గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. ఆమె తగ్గేకొద్దీ కుర్చీలో బరువు పెరుగుతోంది.

ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది హిందీయే. కామిని అతన్ని, ఏమండీ అన్నట్టు, "సునో" అని పిలిచేది.

"సునో," అంది ఒక మధ్యాహ్నం. "నా వీపుకి ఆనేది తోలు కాదు."

"మరేంటి?"

"ఎవరిదో ఒడి."

దింపేస్తానన్నాడు. మంచం మీద పడుకోబెట్టి చూశాడు కూడా. రెండు నిమిషాలకే పెదవులు నీలంగా మారాయి. మళ్ళీ ఎత్తి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టక తప్పలేదు.

ఆ మర్నాడే పెరట్లో కట్టెలు కొడుతుంటే లోపల్నించి పిలుపు వచ్చింది.

"బాబూ... దాహమేస్తంది. కాసిన్ని నీల్లియ్యి."

తెలుగు! లచ్మన్ తల్లి బతికుండగా అతనితో మాట్లాడిన తెలుగు. ఆమె పోయాక ఆ మాట వినిపించేది పక్కింటి ముసలమ్మ వెంకటమ్మ నోట మాత్రమే. కామినికి ఒక్క ముక్క రాదు. కానీ గొంతు కామినిదే. ఆలోచించకుండానే గ్లాసుతో పరిగెత్తాడు.

"ఇదిగో అమ్మా," అన్నాడు, తెలుగులోనే.

కామిని కళ్ళు మూసుకునే ఉంది. పెదాలు నవ్వాయి.

"నా మాట నీకు తెలస్తందే!"

గ్లాసు జారి నేల మీద పడింది.

యోగేంద్ర ఇంటికి పరిగెత్తాడు. అప్పటికే గదులన్నీ ఖాళీ. అతను ఒక పెట్టె మీద కూర్చుని కారు కోసం చూస్తున్నాడు. విషయం వినగానే లేచి తలుపు వేశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మకి తెలుగు తప్ప ఏదీ నోటికి రాకుండా పోయింది చివర్లో. మాకెవరికీ అర్థమయ్యేది కాదు. తొమ్మిదేళ్ళు ఒక్కతే మాట్లాడుకుంది. పోయాక కూడా నెలరోజులు వినిపించింది, భాయ్. మాకు భాష రాదు కాబట్టి బతికిపోయాం." అతను లచ్మన్ చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు జవాబు చెప్పలేదు కదా?"

లచ్మన్ మొహం చూడగానే యోగేంద్ర అతని చెయ్యి వదిలేశాడు.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ఎవరో చెరకు తోటకి నిప్పు పెట్టారు. పొగ సూర్యుణ్ణి కప్పేసి, ఊరంతా ఎర్రగా మసకబారింది. కాలిన బెల్లం వాసన. నల్లటి మసి గాల్లో తేలుతూ కిటికీలోంచి లోపలికి రాలుతోంది. కుర్చీ మీద రాలుతోంది. కామిని మీద రాలుతోంది.

కుర్చీ పూర్తిగా వెనక్కి వాలి ఉంది.

ఆమె చంకల కింద చేతులు దూర్చి ఎత్తాడు. కదల్లేదు. చెరకు మోపంత బరువు కూడా లేని మనిషి... కదల్లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. నడుం పట్టేసింది.

స్పానర్ తీసుకుని కుర్చీ కిందకి దూరాడు. స్ప్రింగు తీసేస్తే సీటు వేలాడిపోతుంది, అప్పుడు ఆమెని పక్కకి లాగొచ్చు. బోల్టు విప్పాడు. ఇనప డబ్బా ఊడి నేల మీద పడింది. స్ప్రింగు దొర్లుకుంటూ గోడ దాకా పోయింది. ఇప్పుడు సీటుకీ దిమ్మకీ మధ్య ఏమీ లేదు.

సీటు పడిపోలేదు.

గాల్లోనే... మెల్లగా... ఊగుతోంది. ముందుకి. వెనక్కి.

పైన రెండు ఊపిర్లు. ఒకటి కామినిది, గురగురమంటూ. ఇంకొకటి నెమ్మదిగా, తీరిగ్గా.

"సునో..."

హిందీలో. తన కామిని. లచ్మన్ మోకాళ్ళ మీద పాకుతూ బయటికొచ్చి ఆమె మొహం పట్టుకున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. భయం లేదు వాటిలో. అలసట ఉంది.

"నన్ను లేపకు," గుసగుసలాడింది. "నేను లేస్తే... ఆవిడా లేస్తుంది."

"కామినీ!"

"నన్నిలాగే ఉండనివ్వు. పట్టుకునే ఉంటాను... పట్టుకోగలిగినంతసేపు."

పట్టుకోగలిగింది పొద్దుగూకే దాకా. అతను ఆమె చేతిని వదల్లేదు. బయట మంట ఆరిపోతున్న వేళ గురగుర ఆగింది. రెండో ఊపిరి ఆగలేదు. కాసేపటికి అది కూడా వినబడకుండా పోయింది. కుర్చీ నేల మీద కుప్పకూలింది. లచ్మన్ వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాడు.

మర్నాడు ఆమెని ఎత్తినప్పుడు ఇద్దరు మనుషులే సరిపోయారు. పక్షిపిల్లలా ఉందన్నారు. ఆ మాటకి అందరూ ఏడ్చారు. లచ్మన్‌కి మాత్రం నిన్న తను కదపలేకపోయిన బరువు గుర్తొచ్చింది. చితి ఆరక ముందే ఇంటికొచ్చి కుర్చీని గొడ్డలితో నరికి, కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. మిగిలిన ఇనుమునీ అల్యూమినియాన్నీ గోనెసంచిలో కట్టి, అస్థికలు కలపడానికి వెళ్ళినప్పుడు పడవలోంచి సముద్రంలోకి విసిరేశాడు. ఆ రోజంతా నీళ్ళ మీదే గడిచింది.

మరునాటి పొద్దున వెంకటమ్మ కంచె అవతలి నుంచి పలకరించింది. ఎన్నడూ లేనిది, ఆమె మొహం కళకళలాడుతోంది.

"నిన్న మద్దినేళ ఎంత సక్కగా మాట్లాడావురా లచ్మన్నా! చూపానకపోయినా గొంతు నీదేనని పట్టేశా. నీకు ఇంత తెలుగొచ్చని నాకేం తెలుసు? ఓడ గురించి, మీ ఊరి గురించి... నన్ను చెల్లీ అని కూడా అన్నావు."

"నేను... నిన్న ఇంట్లో లేనమ్మా."

ఆమె వినిపించుకోలేదు. ముసలిది, ఎన్నేళ్ళకో మాట దొరికిన సంబరంలో ఉంది.

"సీకటి పడ్డా నువ్వు పీట మీంచి లేవలేదుగా, అందుకే అది తియ్యలేదు," అంది వాకిలి వైపు చూపిస్తూ.

లచ్మన్ కంచె మీదుగా చూశాడు. మూడు నెలలుగా వాన లేదు. వెంకటమ్మ వాకిలి ఎండకి రాయిలా గట్టిపడి ఉంది. దాని మధ్యలో ఖాళీ చెక్కపీట.

దాని నాలుగు కాళ్ళూ సగందాకా నేలలోకి దిగబడి ఉన్నాయి.