సేవ్ నొక్కే అలవాటు

"నిన్న మీరు పెట్టిన సెట్టింగులు మళ్ళీ గాల్లో కలిసిపోయాయి. అసలు పెట్టారా, పెట్టినట్టు నటించారా?"

గుమ్మంలో తడిసిన గొడుగు మడుస్తున్న సర్వీస్ ఇంజనీరుకి దొరికిన స్వాగతం అది. అన్నది ఆ ఆఫీసులో ఈమెయిల్ ఆర్కైవ్ చూసే అమ్మాయి. పాత మెయిళ్ళన్నీ భద్రంగా దాచే సిస్టమ్ అది. ఏ విభాగం మెయిళ్ళు దాచాలో, ఎన్నాళ్ళు ఉంచాలో అతను రోజూ పెట్టి వెళ్తాడు. తెల్లారేసరికి అన్నీ మాయం. ఆమె ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఈ వ్యవహారం తేలకపోతే పర్మనెంట్ చేసేది లేదని మేనేజర్ మొహం మీదే చెప్పేశాడు.

అతను ఆమె పక్కనే కుర్చీ వేసుకుని లాగ్‌లన్నీ తిరగేశాడు, సర్వర్ రీస్టార్ట్ చేశాడు. ఏదీ అంతుచిక్కలేదు. మొదట్లో కస్సుబుస్సులాడిన ఆమె తర్వాత ఆటపట్టించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత తన ఫ్లాస్కులో కాఫీ కూడా పంచింది. అతనికేమో సర్వర్ గురించి తప్ప ఇంకో ముక్క నోట్లోంచి ఊడిపడితే ఒట్టు.

ఒకరోజు వాన తగ్గక సాయంత్రం దాకా ఉండిపోయాడు. ఇంటికి బయల్దేరుతూ ఆమె, వేసిన తాళాన్ని మళ్ళీ లాగి చూసుకునేవాళ్ళలా, పొద్దుటి నుంచీ తన కంప్యూటర్లో తెరిచే ఉన్న సెట్టింగుల పేజీలో సేవ్ నొక్కింది. అతను తెర వైపు వంగి చూశాడు. ఆ పేజీలో ఉన్నవి పొద్దుటి ఖాళీ గళ్ళు. మధ్యాహ్నం అతను తన ల్యాప్‌టాప్ నుంచి పెట్టినవాటిని రోజూ అవే తుడిచేస్తున్నాయన్నమాట.

ఒక్క మాట చెబితే తేలిపోయేది. తేలిపోతే రేపు ఏం పని ఉందని రావాలి? నోరు మూసుకున్నాడు మహానుభావుడు.

ఆ తర్వాత రోజూ ఇస్త్రీ చొక్కాలే. "బాగుపడనిది మెషీనా, నువ్వా?" అని ఇంట్లో అక్క ఏడిపించింది. ఆమె మాత్రం మేనేజర్ ముందు అతన్ని వెనకేసుకొచ్చింది. పాపం ఆయన చాలా కష్టపడుతున్నారు, పొరపాటు నాదే అయ్యుంటుంది అని చెప్పింది. అదే సాకుగా మేనేజర్ ఆమెను నెలాఖరుకి మానేయమన్నాడు.

ఆ సంగతి తెలియగానే అతను మేనేజర్ గదిలోకి పరుగెత్తాడు. కారణమేమిటో, అది తనకు ఎప్పటి నుంచి తెలుసో, అంతా చెప్పేశాడు. కానీ ఆమె సీట్లోకి అప్పటికే వేరే మనిషి ఖాయమైపోయాడు.

అతను వెళ్ళేసరికి ఆమె సొరుగు ఖాళీ చేస్తోంది. మేనేజర్‌తో అతను చెప్పిందంతా గోడ ఇవతల నుంచి వినేసింది.

"మీ పక్కన కూర్చోవాలనే చెప్పలేదు. మీరంటే ఇష్టం," అన్నాడు అతను.

ఆమె మొహంలో కోపం లేదు. అతనికి అదే భరించలేనిదయింది.

"ఎప్పుడు నోరు విప్పుతారా అని నేనూ ఎదురుచూశాను. బయటికెళ్దామా అని ఒక్కసారి అడిగి ఉంటే వచ్చేదాన్ని."

"ఇప్పుడడిగితే?"

"ఇప్పుడు మీరేం చెప్పినా, ఇంకా ఏం దాచారోనని వెతుక్కుంటాను. అలా బతకడం నా వల్ల కాదండీ."

బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకి ఆ సీట్లో కొత్తగా చేరినాయన ఫోన్ చేశాడు. సెట్టింగులన్నీ ఎక్కడివక్కడే నిక్షేపంగా ఉన్నాయనీ, ఇక ఎప్పుడూ రానక్కర్లేదనీ చెప్పాడు.

"చాలా సంతోషమండీ," అని ఫోన్ పెట్టేసి, అతను రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు.