ఒకడికి సరిపడా గాలి

మధ్యాహ్నం రెండు గంటల పదిహేను నిమిషాలకు నేను పెన్సిల్ చెక్కుకుంటున్నాను. మిష్రిఫ్‌లో ఒక పెద్ద విల్లా, దాని నేలమాళిగ. పైన దుమ్ము తుఫాను. పట్టపగలే వీధిదీపాలు వేశారని, ఎదురింటి గోడ కూడా కనబడటం లేదని వంటమనిషి సంజీవమ్మ చెప్పి వెళ్లింది. కింద మాకు అవేమీ తెలియవు. రెండు ట్యూబులైట్లు, ఇంజనాయిలు వాసన, రబ్బరు వాసన. మధ్యలో ఉక్కుగోళం.

నా పని రాయడం. కాకినాడలో ఒక పత్రిక ఇంగ్లిషు డెస్కులో ఇరవయ్యారేళ్లు చేసి, సినిమా దర్శకుడు దావూద్ అల్ సదఫ్ జీవితచరిత్రకు నోట్సు తయారుచేయడానికి కువైట్ వచ్చాను. ఆయన తీసినవి ఐదే సినిమాలు. రెండోది పదకొండు దేశాల్లో ఆడింది. ముత్యాల కోసం మునిగి తిరిగిరాని తాత కథతో మొదలుపెట్టి, ప్రతి సినిమాకీ కెమెరాను ఇంకాస్త లోతుకు దించాడు. ప్రేక్షకులంటే తనకు మొదటి నుంచీ విసుగేనని, సముద్రంలోకి దిగే ఖర్చు కోసమే వాళ్లను భరించానని మొదటి రోజే నాతో అన్నాడు. రాసుకున్నాను.

ఏడేళ్ల క్రితం ఒమాన్ తీరానికి అవతల సముద్రంలో, పందొమ్మిది వందల మీటర్ల లోతుకు ఈ గోళంలోనే ఇద్దరు దిగారు. ఎడమ సీట్లో దావూద్, కుడి సీట్లో ఆయన కెమెరామన్. పైకి వచ్చేసరికి కెమెరామన్ చనిపోయి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. కిటికీ బయట దేన్నో చూసి ఆగిందని దావూద్ నమ్మకం. ఆ తర్వాత ఆయన సినిమా తీయలేదు. మళ్లీ దిగడానికే ఈ ఏర్పాట్లన్నీ.

దిగేముందు గోళాన్ని నేల మీద పరీక్షించాలి. ఒక మనిషిని లోపల కూర్చోబెట్టి, బయట ఎనిమిది నట్లు బిగించి, ఆరు గంటలు చూడాలి. ఆ మనిషి మునీంద్ర. రాజంపేట దగ్గరి పల్లె, ముప్పయ్యేళ్లుంటాయి, వెల్డింగు పనివాడు. రిగ్గై పేటలో ఆరుగురితో ఒకే గదిలో ఉంటాడు. ఒక్కణ్ణే ఇంత చోటులో కూర్చోనిస్తే నాకు అంతకంటే సుఖమేముందని నవ్వుకుంటూ పొద్దున పదకొండింటికి లోపలికి దూరాడు. ఒకడికి సరిపడా గాలే పెట్టారు. పావుగంటకోసారి వైరు ఫోన్లో అతను ఆక్సిజన్ మీటరు చదివి చెబుతాడు, నేను రాస్తాను. నూట యాభై గీతలతో మొదలైంది. పావుగంటకు ఐదు గీతలు తగ్గాలి. తగ్గింది. రెండింటికి తొంభై. తేడా లేదు.

రెండుంబావుకు ఎనభై అన్నాడు.

మళ్లీ చదవమన్నాను. ఎనభయ్యే. రెండున్నరకు డెబ్భై. పావు తక్కువ మూడుకు అరవై. ఎక్కడైనా లీకవుతోందేమో చూడమన్నాను. గొట్టాలన్నింటికీ సబ్బునురగ రాసి చూశానని, బుడగ రావడం లేదని చెప్పాడు. ఇంజనీరుకు ఫోను చేశాను. దుమ్ములో ఫింటాస్ దగ్గర రోడ్డు మీద ఇరుక్కుపోయానన్నాడు. అంకెలు రెండోసారి చెప్పించుకున్నాడు. లీకైతే లోపల మనిషి వదిలే చెడుగాలి ఇంతకుముందు కంటే పెరగదు, పెరిగిందా చూడమన్నాడు.

పెరిగింది. సరిగ్గా రెట్టింపు.

మూడింటికి దావూద్ దిగివచ్చాడు. నా కాగితం చూశాడు. అంత నెమ్మదిగా నవ్వడం నేను ఎప్పుడూ చూడలేదు. నట్లు విప్పిద్దామన్నాను. మూడున్నర అడుగుల స్పానరు గోడకు ఆనించి ఉంది. ఆయన వెళ్లి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏడేళ్లుగా దీనికోసమే చూస్తున్నానని, రెండింటికి ఏం చేశాడో లోపలివాణ్ణి ఒక్క ప్రశ్న అడగమని చెప్పాడు. లెక్క నాకు తెలుసు. నాలుగుంబావుకు మునీంద్రకు గాలి ఉండదు.

ఫోను తీశాను.

"రెండింటికి ఏం చేశావు, మునీంద్రా?"

"అన్నం తిన్న్యా రాజన్నా. సంజీవమ్మక్క సంగటి, నంజుకోను ఊరిబిండి కట్టిచ్చింది."

"ఇంకేం చేయలేదా?"

గిన్నె పక్కకు జరిపిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు.

"తినేముందు... అలవాటు గదన్నా. ఒక్కణ్ణే తినేదానికి మనసొప్పలా. ఆ పక్క సీటు చూసి, దా తిందాం అనేసినా."

మా వైపూ అంతే. బస్సులో పొట్లం విప్పినా పక్కనున్న తెలియనివాణ్ణి రండి అంటాం. అతను రాడు. రాడన్న ధైర్యంతోనే పిలుస్తాం.

ఇప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా అని అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది. ఫోన్లో వినబడుతోంది. మునీంద్ర ఊపిరి వేగంగా, పైపైన. దాని వెనక ఇంకొకటి. నిదానంగా... లోతుగా... అతను నాలుగుసార్లు పీల్చేలోపు అది ఒక్కసారి.

దావూద్ నా చేతిలోంచి రిసీవరు లాక్కుని విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. తిరిగి నాకిచ్చి, ఆ రోజు కిటికీ బయట ఏం చూశాడో పక్కనున్నవాణ్ణి అడగమన్నాడు. అడగలేనన్నాను. అయితే ఈ రోజే నీ ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే అనుమతే ఉండదు అన్నాడు. అప్పుడు అడిగాను. ఈ సంగతి రాయకుండా ఉండొచ్చు. రాస్తున్నాను.

"ఆయప్ప మాట్లాడ్డంల్యా అన్నా," అన్నాడు మునీంద్ర. "గాలి పీలుస్తాండాడు. అంతే."

మూడుంబావు. నలభై.

మూడున్నర. ముప్పై.

ఖాళీ టిఫిను గిన్నె కోసమో ఏమో సంజీవమ్మ మెట్లు దిగింది. యాభై ఏళ్ల మనిషి, రాయచోటి వైపు. పిల్లోడు ఇంకా లోపలేనా అంది. జరిగింది చెప్పాను. ఆమె ముఖంలో భయం కంటే కోపమే ఎక్కువ కనబడింది.

"నీళ్లు ఇచ్చినారా లోపలికి?"

ఒక సీసా ఇచ్చామని, అది తాగేశాడని చెప్పాను.

"పిలిస్తే వచ్చి తిన్నోడు చెయ్యి కడక్కుండా ఎట్లా లేస్తాడు? ఆడ్నే కూసోనుంటాడు."

దావూద్ ఆమెను పైకి పొమ్మన్నాడు. ఆమె ఆయన కుర్చీ దగ్గరికి వెళ్లి, వెనకనుంచి స్పానరు లాగింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆయన వైపు చూడనే లేదు. "నా మీద చెయ్యేసినావని మామాకు చెప్తా బాబా," అని హిందీలో, చాలా మామూలుగా చెప్పింది. ఇక్కడ పనివాళ్లకు యజమాని బాబా, యజమానురాలు మామా. పై అంతస్తులో ఉన్న ఆ భార్య అంటే ఈ ఇంట్లో దావూద్ ఒక్కడికే భయం. చెయ్యి వదిలాడు.

ఒక్కో నట్టుకు ఇద్దరం వేలాడాం. నాలుగో నట్టు విప్పేసరికి, వదిలేసిన ఫోనులోంచి మునీంద్ర గొంతు వినబడటం లేదు. ఆ రెండో ఊపిరి మాత్రం... తొందర లేకుండా. ఆరో నట్టు. నా అరచేతుల తోలు లేచింది. ఏడు. ట్యూబులైటు ఒకటి ఆరింది. ఎనిమిది.

మూత లాగాం. గాలి బయటికి రాలేదు. లోపలికి పోయింది. గదిలో కాగితాలన్నీ గోళం వైపు జరిగాయి. చల్లని, తడి ఇనుము వాసన.

మునీంద్ర బతికే ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. తన సీట్లోనే ఒక పక్కకు ఒదిగి, గోడకు అతుక్కుని కూర్చున్నాడు. పట్టుకుని బయటికి లాగాం. కాళ్లు నేలకు తగలగానే తనంతట తానే నిలబడ్డాడు. తర్వాత వెనక వచ్చేవాళ్లకు దారి ఇచ్చేటట్టు రెండడుగులు పక్కకు జరిగాడు.

అప్పుడు టైము మూడు గంటల యాభై రెండు నిమిషాలు.

దావూద్ మాటమీద నిలబడ్డాడు. మా ముగ్గురి కాగితాలూ రద్దు చేయమన్నాడు. సంజీవమ్మ విషయంలో మాత్రం మామా ఒప్పుకోలేదు. మూడో రోజు మునీంద్రను నేనే విమానం ఎక్కించాను. ఊరికి పోతున్నానని సంతోషంగానే ఉన్నాడు. అయిదో రోజు దావూద్ తానే గోళంలో కూర్చున్నాడని ఇంజనీరు చెప్పాడు. తినడానికి తీసుకెళ్లాడట, గంటల తరబడి ఎవరినో పిలుస్తూనే ఉన్నాడట. మీటరు పావుగంటకు ఐదు గీతలే తగ్గింది. బయటికి వచ్చాక ఏడ్చాడట. ఆ తర్వాత మునీంద్ర అడ్రసు అడిగాడట.

ఇవ్వవద్దని చెప్పి, పత్రికరోజుల అలవాటు కొద్దీ స్వయంగా కనుక్కుందామని రాజంపేటకు ఫోను చేశాను. అది తొమ్మిదో రోజు. ఫోను తీసింది మునీంద్ర భార్య, చిట్టి. ఆయన బాగానే ఉన్నాడని, బాగా తింటున్నాడని చెప్పింది. పిల్లోడికే ఎట్లాగో ఉందంది. నాలుగేళ్లవాడు. రాత్రయితే రొప్పుతున్నాడట, గోళ్లు నీలంగా అవుతున్నాయట. డాక్టరు చూసి ఊపిరితిత్తుల్లో ఏమీ లేదన్నాడట.

"మాకూ అట్లే ఉంది సార్. గాలి చాల్లేదు."

కిటికీలు తెరిచి పడుకోమన్నాను.

"కిటికీలు యాడియి సార్," అంది. "మేము పడుకునేది మిద్దె మీద, ఆరుబయట."